గాలిమర కన్నా ముందు పడవ

(దర్శిలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన సాగర్ కుడికాలువ మీద, మన దర్శి బ్రాంచి మీద పనిచేసిన ఇంజనీరు. ఆయన పేరున జరిగే సభలో కాలువ గురించో మిర్చి గురించో మాట్లాడతారనుకుని వచ్చినవాళ్లకు, సముద్రంలో గాలిమరలు, వాటిని బాగుచేసే పడవలు అన్న విషయం వింతగా తోచవచ్చు. నేను ఓడల మీద బతికినవాణ్ణి, నాకు తెలిసింది అదే. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పై అధికారులతో ఒకే మాట మీద పోట్లాడారు. ఏ కట్టడమైనా కాగితం మీద గీసిన రోజే దాన్ని ఎవరు కాపాడతారు, ఏ దారిన వెళ్లి బాగుచేస్తారు, ఆ ఖర్చు ఎక్కణ్ణించి వస్తుంది అన్నది కూడా రాసి పెట్టాలని. ఆ మాట నేను సముద్రంలో వెయ్యిరెట్లు నిజం కావడం చూశాను.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండు తేదీలూ మన పిల్లలు పరీక్షల్లో రాస్తారు. కాలువకు పూడిక తీసిన రోజు, షట్టరుకు గ్రీజు పెట్టిన రోజు ఏ పుస్తకంలోనూ ఉండవు. దాని ఫలితం మన గుండ్లకమ్మ దగ్గర చూశాం. మల్లవరం ప్రాజెక్టులో 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో, మిచాంగ్ తుపాను వెళ్లిన కొద్ది రోజులకే, ఇంకొకటి పోయింది. దాచుకున్న నీళ్లు కళ్లముందే సముద్రం పాలయ్యాయి. ఆ ప్రాజెక్టు మన ముంగిట్లో ఉంది. అక్కడికి తారురోడ్డు ఉంది, జీపులో వెళ్లవచ్చు, గేటు తుప్పును చేత్తో తాకి చూడవచ్చు. అయినా పోయింది. ఇక తీరానికి నలభై కిలోమీటర్ల అవతల, ఉప్పుగాలిలో, నీళ్ల మీద నూరు మీటర్లకు పైన కూర్చున్న యంత్రం సంగతి ఆలోచించండి.

అలాంటి యంత్రాలను సముద్రంలో నిలబెట్టే పనికి మన దేశం ఇప్పుడు పూనుకుంది. 2015లో కేంద్రం సముద్ర పవన విద్యుత్ విధానం ప్రకటించింది. గుజరాత్ తీరంలో, తమిళనాడు తీరంలో గాలి బాగుందని గుర్తించారు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో 6,853 కోట్లు రెండు రాష్ట్రాల్లో ఐదేసి వందల మెగావాట్ల ప్రాజెక్టులకు, 600 కోట్లు రెండు రేవుల అభివృద్ధికి. అయితే పిలిచిన టెండర్లు ముందుకు సాగలేదు, 2025లో రద్దయ్యాయి. చాలామంది దీన్ని ఎదురుదెబ్బ అంటున్నారు. నేను దీన్ని దొరికిన సమయం అంటాను. టవర్ల గురించి, ధర గురించి ఇన్నేళ్లు మాట్లాడాం. పడవల గురించి మాట్లాడటానికి ఇప్పుడు వ్యవధి దొరికింది.

పడవ అంత ముఖ్యమా అని అడిగేవాళ్లకు డెన్మార్క్ సంగతి చెప్పాలి. సముద్రంలో గాలిమరలు మొదట పెట్టింది వాళ్లే. 1991లో విండెబీ దగ్గర, ఒడ్డుకు దగ్గరగా, లోతులేని నీళ్లలో పదకొండు చిన్న మరలు నిలబెట్టారు. అన్నీ కలిపి ఐదు మెగావాట్లు. అవి పాతికేళ్లు పనిచేశాయి. ఆ ధైర్యంతో 2002లో ఉత్తర సముద్రంలో హార్న్స్ రెవ్ దగ్గర ఎనభై మరలు కట్టారు, ఒక్కోటి రెండు మెగావాట్లు. అప్పటికి ప్రపంచంలో ఏ సముద్రంలోనూ అంత పెద్దది లేదు. రెండేళ్లు తిరక్కుండానే ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు మొరాయించాయి. ఎనభై మరల తలకాయలనూ, అంటే జనరేటరు కూర్చునే ఆ పెద్ద గదులన్నిటినీ, 2004లో దించి, ఓడల మీద ఒడ్డుకు తెచ్చి, బాగుచేసి, మళ్లీ తీసుకువెళ్లి ఎక్కించాల్సి వచ్చింది. భూమి మీద అయితే ఒక క్రేను, నాలుగు ట్రెయిలర్లతో సరిపోయే పని. సముద్రంలో అదే పనికి ఓడ దొరకాలి, ఓడ దొరికిన రోజు అల తగ్గాలి, అల తగ్గిన రోజు గాలి కూడా తగ్గాలి. ఈ మూడూ కలిసొచ్చే గంటలనే మా పనిలో ‘విండో’ అంటారు. ఆ కిటికీ ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎంతసేపు తెరిచి ఉంటుందో ముందుగా లెక్కగట్టడమే పడవల ప్రణాళిక. సముద్రంలో గాలిమర జీవితకాలంలో అయ్యే మొత్తం ఖర్చులో నాలుగోవంతుకు అటూఇటూ ఈ నిర్వహణకే పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి ఒక్క అడుగులో ఉందని చెబుతాను. మెకానిక్కు పడవలో వెళ్తాడు. టవరు అడుగున రెండు నిలువు గొట్టాలు, వాటి మధ్య ఒక నిచ్చెన ఉంటాయి. పడవ ముందు భాగానికి లావుపాటి రబ్బరు ఫెండరు ఉంటుంది. సరంగు ఆ రబ్బరును గొట్టాలకు ఆనించి, ఇంజను జోరు పెంచి, పడవను అక్కడే అదిమిపెడతాడు. రబ్బరుకూ ఇనుముకూ మధ్య రాపిడి పట్టు ఉన్నంతసేపూ పడవ ముక్కు పైకీ కిందికీ జారదు. ఆ క్షణంలో మనిషి అడుగు తీసి నిచ్చెన అందుకోవాలి. అల కాస్త పెద్దదైతే పట్టు జారుతుంది. పడవ ఒక్కసారి ఎగురుతుంది. మనిషి కాలు పడవకూ నిచ్చెనకూ మధ్య ఉంటే ఏమవుతుందో నేను వివరించను. అందుకే మామూలు క్రూ బోట్లకు అల ఎత్తు ఒకటిన్నర మీటర్లు దాటితే పని ఆపేస్తారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒకటిన్నర మీటర్లు అన్నప్పుడు ప్రతి అలా అంతే అని కాదు. ఆ సమయంలో వచ్చే అలల్లో పెద్దవాటిని మూడోవంతు తీసి, వాటి సగటు ఎత్తు చెబుతారు. వాటిలో ఏదో ఒక అల దాదాపు రెండింతలు ఉండనే ఉంటుంది. ఆ ఒక్క అల ఎప్పుడొస్తుందో సరంగు కంటికి తెలియాలి.

క్రూ బోటుకు అడుగున జంట దోనెలు, ఇరవై నాట్ల వేగం, పన్నెండు నుంచి ఇరవైనాలుగు మంది మెకానిక్కులు. ఇరవై నాట్లంటే గంటకు ముప్పైఏడు కిలోమీటర్లు. మరలు తీరానికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే పోవడానికి గంట పైన, రావడానికి గంట పైన. ముగ్గురేసి చొప్పున నాలుగు మరల దగ్గర దింపుకుంటూ పోవాలి, సాయంత్రం ఎక్కించుకుంటూ రావాలి. పన్నెండు గంటల డ్యూటీలో ముందు దిగినవాళ్లకు చేతినిండా పని గంటలు దొరుకుతాయి, చివర దిగినవాళ్లకు తగ్గిపోతాయి. కాబట్టి ఎక్కువసేపు పట్టే పని ఉన్న మర దగ్గర ముందు దింపాలి. కానీ సాయంత్రం గాలి లేస్తుందని సూచన ఉంటే దూరపు మర దగ్గరివాళ్లను ముందు ఎక్కించుకోవాలి. వంతులవారీగా నీళ్లు వదిలేటప్పుడు కాలువ చివరి రైతుకు అన్యాయం జరగకుండా లస్కరు వేసుకునే లెక్క లాంటిదే ఇది. తేడా ఒక్కటే, ఇక్కడ చివరివాడికి వంతు తప్పితే రాత్రి టవరులోనే గడపాలి. అందుకని ప్రతి మరలోనూ తిండి, నీళ్లు, కప్పుకోవడానికి బట్టలు ముందే ఉంచుతారు.

దూరం పెరిగితే ఈ లెక్కే తలకిందులవుతుంది. ఇంగ్లండు తూర్పు తీరంలో హార్న్‌సీ వన్ అనే క్షేత్రం ఉంది. తీరానికి 120 కిలోమీటర్ల దూరంలో 174 మరలు. రోజూ పడవలో వెళ్లి రావాలంటే పని దినం ప్రయాణంలోనే సగం పైన కరిగిపోతుంది, మిగిలిన సగంలో మనిషి వాంతులతో నీరసించి ఉంటాడు. కాబట్టి అక్కడ ఎనభై తొంభై మీటర్ల పొడవైన సర్వీసు ఓడనే సముద్రంలో ఉంచుతారు. అరవై మంది పైన అందులోనే పడుకుంటారు, తింటారు, రెండేసి వారాలు అక్కడే ఉంటారు. ఓడ లంగరు వేయదు. కంప్యూటరు దాని ప్రొపెల్లర్లను నడుపుతూ ఉన్నచోటే నిలబెడుతుంది. ఓడ నుంచి టవరుకు ఒక గ్యాంగ్‌వే చాపుతారు. కింద ఓడ ఎంత ఊగినా ఆ వంతెన కొస కదలకుండా హైడ్రాలిక్ కాళ్లు సర్దుతూ ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆలోచనతో 2008లో ఆంపెల్‌మాన్ అనే సంస్థ ఏర్పడి ఇలాంటి వంతెనలు తయారుచేసింది. వీటితో రెండున్నర మీటర్ల అలలో కూడా మనిషి నడిచి వెళ్లగలడు. ఆ ఒక్క మీటరు తేడాతో ఏడాదిలో కలిసొచ్చే పనిరోజులు ఎన్నో. ఖర్చు కూడా అంతే ఎక్కువ. హార్న్‌సీకి ఒడ్డున ఆధారం గ్రిమ్స్‌బీ. ఒకప్పుడు చేపల వేటకు పేరుమోసి, 1970ల తర్వాత వేట పడిపోయి చితికిపోయిన రేవు. ఈ పడవలతో ఆ రేవుకు మళ్లీ పని దొరికింది. నిజాంపట్నం, వాడరేవు, కొత్తపట్నం తీరాల్లో పెరిగిన పిల్లలకు నేను చెప్పదలచుకున్న సంగతుల్లో ఇదొకటి.

అయితే ఐరోపా వాళ్ల పట్టిక తెచ్చి మన సముద్రం మీద పరిస్తే కుదరదు. ఈ రోజు నేను మీ ముందు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఉత్తర సముద్రంలో చలికాలం గాలి ఎక్కువ, వేసవిలో నీళ్లు నెమ్మదిస్తాయి. వాళ్లు ఏడాది సర్వీసంతా వేసవిలో, పగలు పదహారు గంటలుండే రోజుల్లో ముగించుకుంటారు. తమిళనాడు కొసన, కన్యాకుమారి నుంచి మన్నారు సింధుశాఖ దాకా, గాలి విరగబడేది నైరుతి కాలంలో, మే చివర నుంచి సెప్టెంబరు దాకా. సముద్రం లేచేదీ అప్పుడే. అది తగ్గేసరికి అక్టోబరు, నవంబరు, డిసెంబరు, అంటే తుపాన్ల కాలం. 2017 నవంబరు 30న ఓఖీ తుపాను కన్యాకుమారి పక్కనుంచే వెళ్లింది. వేటకు వెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. ఇక మిగిలింది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ నాలుగు నెలల్లోనే ప్రతి మరకూ సర్వీసు జరగాలి, అరిగిన భాగాలు మారాలి, కేబుళ్లు చూడాలి.

ఇది ఎంత బరువైన విషయమో ఒక లెక్కతో చూద్దాం. ఎనిమిది మెగావాట్ల మర నైరుతి గాలికి తన సామర్థ్యంలో అరవై శాతం తిరుగుతుందనుకుందాం. రోజుకు లక్షా పదిహేను వేల యూనిట్లు. యూనిట్ నాలుగు రూపాయలనుకుంటే నాలుగున్నర లక్షల పైచిలుకు. అదే మర గాలి పడిపోయిన కాలంలో ఇరవై శాతమే తిరిగితే లక్షన్నర. అంటే ఫిబ్రవరిలో ఆపి బాగుచేస్తే పోయేదానికి మూడు రెట్లు జూలైలో ఆగితే పోతుంది. పైగా జూలైలో పడవ వెళ్లదు. ఇరవై వేల రూపాయల సెన్సరు పాడై, దాన్ని మార్చడానికి మనిషి చేరుకోలేక, మర నాలుగు వారాలు నిలిచిపోతే నష్టం కోటి దాటుతుంది. కాబట్టి జూలైలో పాడవబోయేది ఏదో ఫిబ్రవరిలోనే పసిగట్టాలి. బేరింగు వేడి, గేర్‌బాక్సు అదురు, నూనెలో లోహపు పొడి, ఇవన్నీ ఒడ్డున కూర్చుని తెర మీద చూసే సౌకర్యం ఉంది. ‘ఇంకో ఆరు నెలలు నడుస్తుందిలే’ అని వదలడమా, ‘ఇప్పుడే మార్చేద్దాం’ అనడమా అన్న నిర్ణయం మాత్రం మన సముద్రపు నెలలను బట్టి తీసుకోవాలి. నన్నడిగితే, మన దగ్గర అనుమానమున్న బేరింగును వానకాలంలోకి పోనివ్వకూడదు.

అలల స్వభావం కూడా వేరు. ఉత్తర సముద్రంలో గాలి లేపిన పొట్టి అలలు ఎక్కువ. మన తీరానికి ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి అలలు, ఇక్కడ గాలే లేని రోజున కూడా, వచ్చి చేరతాయి. పైకి నీళ్లు నున్నగా ఉంటాయి. పడవ మాత్రం నిదానంగా పైకి లేచి దిగిపోతుంది. రబ్బరు పట్టు జారేది ఇక్కడే. ఒకటిన్నర మీటర్ల హద్దు ఇక్కడ సరిపోతుందా, అల ఎత్తుతో పాటు అలకూ అలకూ మధ్య వ్యవధిని కూడా హద్దులో రాయాలా అన్నది మన నీళ్లలో పడవ దింపి తేల్చుకోవాల్సిన విషయం.

దీనికి కావలసిన జ్ఞానం మన తెలుగునేల మీదే చాలా ఉంది. హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ సముద్రానికి ఆమడల దూరంలో కూర్చుని దేశం తీరమంతటికీ అలల సూచనలు ఇస్తుంది. విశాఖ వంటి చోట్ల నీళ్ల మీద తేలే బోయాలు అల ఎత్తు కొలిచి పంపుతుంటాయి. చేపలెక్కడ దొరుకుతాయో జాలరులకు చెప్పేదీ వాళ్లే. మర్నాడు ఉదయం పడవ కదలాలా వద్దా అని ఒక సరంగు నిర్ణయించుకోవడానికి కావలసిన మొదటి కాగితం అక్కణ్ణించి వస్తుంది.

రెండోది కాకినాడ. గాలిమరలు లేకపోయినా, సముద్రంలో నిలబడ్డ ఇనుప కట్టడాలకు ఒడ్డు నుంచి పడవల మీద సేవ చేసే విద్య అక్కడ ముప్పై ఏళ్లుగా ఉంది. కోనసీమలో సూరసానియానం ఎదురుగా రవ్వ చమురు క్షేత్రం ఉంది. అందులో ఎనిమిది ప్లాట్‌ఫారాలు, ఒక్కదాని మీదా మనుషులు కాపురముండరు. పని పడితే పడవలో వెళ్తారు, చేసుకుని తిరిగొస్తారు. గాలిమర కూడా సరిగ్గా అలాంటిదే. తర్వాత లోతు నీళ్లలో కేజీ-డీ6 గ్యాసు క్షేత్రం వచ్చింది. 2009 ఏప్రిల్‌లో అక్కడ గ్యాసు మొదలైంది. ఓఎన్‌జీసీ లోతు నీళ్ల బ్లాకులో 2024 జనవరిలో చమురు పడింది. వీటన్నిటికీ గొట్టాలు, మంచినీళ్లు, డీజిలు, కూరగాయలు, మనుషులు వెళ్లాలి. కాకినాడ జెట్టీల మీద ఏ ఓడ ముందు కట్టాలి, ఏ సరుకు ఎప్పుడు ఎక్కాలి, తుపాను సూచిక ఎగిరితే ఎవరిని ముందు వెనక్కి తేవాలి అని రాత్రింబవళ్లు లెక్కలేసే మనుషులున్నారు. వాళ్లు ఏ కాలేజీలోనూ ఈ పాఠం చదవలేదు. నేను పనిచేసిన సరంగుల్లో ఉప్పాడ, భైరవపాలెం వైపు వాళ్లు నీటి రంగు చూసి ప్రవాహం మారిందని చెప్పగలిగేవారు.

అయితే చమురు ఓడల పద్ధతి ఉన్నదున్నట్టు పనికిరాదు. చమురు ప్లాట్‌ఫారం మీద పెద్ద క్రేను ఉంటే, దానికి బుట్ట తగిలించి మనుషుల్ని పైకి లాగుతారు. గాలిమరకు ఉండేది పనిముట్లు లాక్కునే చిన్న క్రేను మాత్రమే. చమురు క్షేత్రంలో వెళ్లాల్సిన చోట్లు పది లోపు, గాలి క్షేత్రంలో అరవయ్యో నూరో. అన్నిటికంటే ముఖ్యంగా, చమురు ధర ఎంత ఖరీదైన ఓడనైనా మోస్తుంది. నాలుగు రూపాయల యూనిట్ మోయదు. పడవ ఒక్క రోజు ఖాళీగా ఉన్నా ఆ లెక్క గాలిమర మీదే పడుతుంది. కాకినాడ అనుభవాన్ని తమిళనాడులోని తూత్తుకుడి రేవుకు తీసుకెళ్లవచ్చు, కాకినాడ ఓడను తీసుకెళ్తే మాత్రం మునిగిపోతాం.

ఓడలు కట్టడం మనకు రాదా అంటే వచ్చు. 1948లో విశాఖలో ‘జల ఉష’ను నీళ్లలోకి దించిన దేశం మనది. ఇప్పుడు కొచ్చిన్ షిప్‌యార్డు ఐరోపాలోని గాలిమరల కోసమే సర్వీసు ఓడలు కట్టే ఆర్డర్లు తెచ్చుకుంది. అంటే మన వెల్డర్లు చేసిన ఓడ ఎక్కి అక్కడి మెకానిక్కులు పనికి పోతారు, మన నీళ్లలో మాత్రం ఇంకా ఒక్క మరా లేదు. మొదటి వెయ్యి మెగావాట్లకే ఎనభై మీటర్ల ఓడ కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. తీరానికి ముప్పై, నలభై కిలోమీటర్ల లోపు ఉంటే మంచి క్రూ బోట్లు నాలుగైదు, వాటికి అనుభవమున్న సరంగులు, ఒక చిన్న జెట్టీ, దాని పక్కనే విడిభాగాల గోదాము ఉంటే చాలు. బ్లేడు, గేర్‌బాక్సు వంటి పెద్ద భాగాలు మార్చడానికి, సముద్రం అడుగుకు కాళ్లు దించి నిలబడే బార్జి మాత్రం అడిగిన వెంటనే దొరకదు. గుజరాత్, తమిళనాడు రెండూ కలిసి దాన్ని ఏడాది ముందే అద్దెకు మాట్లాడుకోవాలి. రెండు తీరాల్లో పనికొచ్చే నెలలు కొంత వేరు కాబట్టి వంతులేసుకోవడం సాధ్యమే.

రేవులో చోటు విషయంలో జాలరులతో ముందే కూర్చుని మాట్లాడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో వాళ్లు వలలు బాగుచేసుకుంటూ, అప్పులు చేసి ఇల్లు నడుపుతారు. వాళ్లలో కుర్రాళ్లకు సముద్రంలో ప్రాణరక్షణ, ఎత్తులో పని, ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చి పడవల మీద పెట్టుకుంటే, నీటిని తెలిసిన చేతులు దొరుకుతాయి. మన దర్శి, పొదిలి, అద్దంకి పిల్లలకు నీళ్లు కొత్త కావచ్చు. కానీ మోటారు విప్పి బిగించడం, హైడ్రాలిక్ గొట్టం మార్చడం వాళ్లకు తెలుసు. అనంతపురం, కడప, కర్నూలు కొండల మీద గాలిమరలు ఎక్కి పనిచేస్తున్న మెకానిక్కులు మనకు ఇప్పటికే ఉన్నారు. వాళ్లు నేర్చుకోవాల్సింది పడవలోంచి నిచ్చెన మీదికి వేసే ఆ ఒక్క అడుగు.

తుపాను సంగతి విడిగా చెప్పాలి. తుపాను ముందు మర ఆగిపోయినా దాని ముఖం గాలికి ఎదురుగా తిరుగుతూ ఉండాలి. లేకపోతే బ్లేడ్లు విరుగుతాయి. అలా తిప్పడానికి కరెంటు కావాలి. తీరం లైన్లు తెగితే ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది? ప్రతి మరకూ సొంత బ్యాటరీనో, డీజిలు జనరేటరో ఉండాలి. వాటిని ప్రతి సెప్టెంబరులోనూ పరీక్షించాలి. ఆ పరీక్షకు మళ్లీ పడవే వెళ్లాలి. తుపాను వెళ్లాక రేవే దెబ్బతిని ఉండవచ్చు. పడవలను ఏ రేవులో దాచాలి, అక్కణ్ణించి ఎన్ని గంటల్లో తిరిగి రావాలి, మొదట ఏ మర దగ్గరకు వెళ్లాలి అన్నది ముందే కాగితం మీద ఉండాలి.

చివరగా ఒక షరతు గురించి. పడవల అద్దె ఒప్పందాలు చాలాచోట్ల పనిచేసిన రోజుకే కూలి అన్నట్టు రాస్తారు. అల పెద్దదై వెనక్కి తిరిగిన రోజుకు సగమో, ఏమీ లేకుండానో ఇస్తారు. అలా రాసిన రోజే సరంగు తీర్పు మీద డబ్బు బరువు పడుతుంది. ఒకటిన్నర మీటర్లు ఒకటి ముప్పావు అయినా ఒకసారి ప్రయత్నిద్దాం అనిపిస్తుంది. మన దేశంలో మొదటి సముద్ర గాలిమరకు రాసే మొదటి ఒప్పందంలోనే రెండు వాక్యాలు ఉండాలని నేను కోరుతున్నాను. వెనక్కి తిరిగిన రోజుకూ పడవకు, మనుషులకు పూర్తి అద్దె, పూర్తి కూలి చెల్లించాలి. అల దగ్గర నిలబడి సరంగు వద్దన్నాక ఒడ్డున ఉన్న ఏ అధికారీ ఆ మాటను మార్చకూడదు. ఈ సభలో ఉన్న ఇంజనీర్లు, లాయర్లు, రేపు ప్రభుత్వంలో కూర్చునే పిల్లలు ఈ రెండు వాక్యాలనూ టెండరు కాగితంలో చేర్పించే పని తమదిగా తీసుకోవాలని అడుగుతున్నాను.